‘ఒకప్పుడు’ అన్న చోట ఒక సంవత్సరం

డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ముప్పై ఏళ్లలో నేను ఎర్ర సిరాతో కొట్టివేసిన మాటలు వేలల్లో ఉంటాయి. వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ నన్ను వదలలేదు. భీమిలి వైపు నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే ఒక అబ్బాయి, తన అక్క పెళ్లి సరిగ్గా ఇంటర్నల్ పరీక్ష రోజునే పడిందని, తనకు ఆ పరీక్షను రెండు రోజులు ‘ప్రీపోన్’ చేయమని కోరుతూ నాకు ఒక అర్జీ రాసి తెచ్చాడు. నేను ఆ మాట కింద గీత గీసి, ఇంగ్లీషులో ఇలాంటి పదం లేదని, భాష సరిగ్గా రానివాళ్లు మన దేశంలో దీన్ని పుట్టించారని తరగతి అందరి ముందూ చెప్పాను. “పోస్ట్‌పోన్ ఉంది కదా మాస్టారూ, మరి ఇదెందుకు లేదు?” అని అతను నెమ్మదిగా అడిగాడు. “అది ఉంది, ఇది లేదు” అన్నాను. ఆ కాగితాన్ని చింపేసి, మాట సరిచేసి మరొకటి రాసుకు రమ్మన్నాను. అతను రాసుకొచ్చాడు, నేను సంతకం పెట్టాను.

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగ విరమణకు దగ్గరపడిన రోజుల్లో, కంప్యూటరులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువును చూస్తుండగా ఆ మాట నాకు ఎదురుపడింది. ప్రధానంగా భారతీయ ఇంగ్లీషులో వాడుక అని అందులో ఉంది. అది నేను ఊహించినదే. దాని కింద ఇచ్చిన ప్రయోగాన్ని మాత్రం నేను ఊహించలేదు. 1913 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో అచ్చయిన ఒక పాఠకుడి లేఖ అది. ఎంతో గౌరవం పొందిన ‘పోస్ట్‌పోన్’కు జోడీగా, ముఖ్యంగా న్యాయవాదుల అవసరం కోసం, ‘ప్రీపోన్’ అనే మాటను తయారుచేస్తున్నానని ఆ లేఖకుడు ప్రకటించాడు. దానికి చాలా ముందే, 16వ శతాబ్దంలోనే, ‘ముందుంచు’ అనే మరో అర్థంలో ఆ రూపం ఇంగ్లీషులో కనబడుతోంది. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్ననే, అదే తర్కంతో, ఎనిమిది దశాబ్దాల ముందు న్యూయార్కులో మరొకరు అడిగారన్నమాట. మన తెలుగులో “పరీక్ష ముందుకు జరిపారు” అంటే ముందే పెట్టారా, వెనక్కి తోశారా అన్నది విన్నవాడి ఊహకే వదిలేయాలి. అటువంటి సందేహం లేని ఒక మాటను మన పిల్లలు పట్టుకుంటే నేను తప్పుపట్టాను.

ఆ రోజు నుంచి చారిత్రక నిఘంటువులంటే నాకు ఏర్పడిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. మామూలు నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది. చారిత్రక నిఘంటువు ఆ మాట ఏ సంవత్సరంలో, ఎవరి రాతలో, ఏ వాక్యంలో మొదట దొరికిందో చూపి, ఆ తర్వాత అర్థం ఏయే మలుపులు తిరిగిందో ఒక్కొక్క మలుపుకూ తేదీతో సహా ఒక సాక్షిని నిలబెడుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో అర్థవిపరిణామం గురించి చదువుకున్న ఉదాహరణలు అందరికీ గుర్తుండే ఉంటాయి. కంపు అంటే ఒకప్పుడు మంచి వాసన, ఇప్పుడు దుర్వాసన. చీర అంటే ఒకప్పుడు ఎవరు కట్టుకున్నా బట్టే, ఇప్పుడు ఆడవాళ్లు కట్టుకునేది. నూనె ఒకప్పుడు నువ్వులదే, ఇప్పుడు కొబ్బరిదైనా వేరుశెనగదైనా నూనే. ఈ మూడు వాక్యాల్లోనూ ‘ఒకప్పుడు’ అనే మాట ఉంది. ఆ ఒక్క మాటను తీసేసి అక్కడ ఒక సంవత్సరం పెట్టడానికి ఇంగ్లీషు వాళ్లు డెబ్బై ఏళ్లు శ్రమించారు. ఆ కథనే ఇక్కడ చెప్పదలుచుకున్నాను.

నిఘంటువులు మనకు కొత్త కావు. అమరకోశాన్ని కంఠస్థం చేయించిన సంప్రదాయం మనది. ఇంగ్లీషులో మొదటి ఏకభాషా నిఘంటువుగా చెప్పుకునే రాబర్ట్ కాడ్రే పుస్తకం 1604లో వచ్చింది. అందులో సుమారు 2,500 కఠిన పదాలే ఉన్నాయి. అందరికీ తెలిసిన మామూలు పదాలకు అర్థం ఎందుకన్నది అప్పటి ఆలోచన. 1755లో శామ్యూల్ జాన్సన్ రెండు పెద్ద సంపుటాలుగా ప్రచురించిన నిఘంటువులో 42,773 ఆరోపాలూ (అంటే అర్థం చెప్పడానికి ఎత్తుకున్న మాటలూ), లక్షకు పైగా ప్రయోగాలూ ఉన్నాయి. మాట అర్థాన్ని మహాకవుల వాక్యాలతో నిరూపించే పద్ధతిని ఇంగ్లీషులో ఇంత విస్తారంగా అనుసరించిన మొదటివాడు ఆయనే. భాషను కదలకుండా నిలబెట్టాలని ఆశించి పని మొదలుపెట్టి, అది ఎవరి వల్లా కాదని పీఠికలో నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆ పీఠికను నేను ఎన్నిసార్లు చదివినా మళ్లీ చదవాలనే అనిపిస్తుంది. అయితే ఆయన ప్రయోగాల పక్కన రచయిత పేరు ఉంటుంది గాని సంవత్సరం ఉండదు. మంచి ఇంగ్లీషు ఎలా ఉంటుందో చూపడమే ఆయన ఉద్దేశం కనుక, మంచి రచయితలనుకున్నవారి వాక్యాలనే ఏరుకున్నాడు.

తేదీల ఆలోచన ప్రాచీన గ్రీకు భాషను చదివే జర్మను పండితుల దగ్గర మొదలైంది. ప్రతి మాటా తన జీవితకథను తానే చెప్పుకునేలా ప్రయోగాలను కాలక్రమంలో పేర్చాలని ఫ్రాంజ్ పాసో 1812లో ప్రతిపాదించాడు. లిడెల్, స్కాట్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ పండితులు 1843లో వెలువరించిన గ్రీకు నిఘంటువు ఆ దారిలోనే నడిచింది. జానపద కథలతో మనకు తెలిసిన గ్రిమ్ సోదరులు 1838లో జర్మను భాషకు అటువంటి నిఘంటువును తలకెత్తుకున్నారు; అన్నగారైన యాకోబ్ 1863లో ‘ఎఫ్’ అక్షరంలో ఉండగా కన్నుమూశాడు, ఆ పని 1960ల మొదటికి గాని పూర్తి కాలేదు. ఇంగ్లండులో చార్లెస్ రిచర్డ్‌సన్ 1830ల చివర్లో అర్థవివరణలను దాదాపు పక్కన పెట్టి ప్రయోగాలనే కాలక్రమంలో గుదిగుచ్చాడు. ఆయన వ్యుత్పత్తులు ఇప్పుడు నిలబడవు గాని, వాక్యాలే మాట్లాడాలన్న పట్టుదల మాత్రం నిలిచింది.

1857 నవంబరులో లండన్ భాషాశాస్త్ర సంఘంలో రిచర్డ్ చెనెవిక్స్ ట్రెంచ్ అనే మతాచార్యుడు ఇంగ్లీషు నిఘంటువుల లోపాల మీద రెండు ప్రసంగాలు చేశాడు. నిఘంటువు అంటే భాషలో ఉన్న మాటలన్నిటి పట్టిక అని, మంచి మాటలను ఏరి చెడ్డ మాటలను వదిలే అధికారం దాన్ని కూర్చేవాడికి లేదని, అతను భాషకు చరిత్రకారుడే గాని విమర్శకుడు కాడని ఆయన వాదించాడు. మాట ఎప్పుడు పుట్టిందో చెప్పినట్టే ఎప్పుడు వాడుక తప్పిందో కూడా చెప్పాలన్నాడు. ఇంత చదవడం ఒక మనిషి వల్ల కాదు కనుక ఎందరో కలిసి చదవాలన్నాడు. ఈ ప్రసంగాలు చదివినప్పుడల్లా నాకు మన ఉత్తరాంధ్ర బిడ్డ గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొస్తారు. వ్యాకరణం ఒప్పుకోదన్న రూపాలను కవులూ వ్యాఖ్యాతలూ శాసనకర్తలూ ఎలా వాడారో ప్రయోగాలతో సహా చూపించి, పాత వచనాన్ని గద్యచింతామణిలో గుదిగుచ్చిన ఆయన పద్ధతికీ, ట్రెంచ్ కోరినదానికీ మూలసూత్రం ఒక్కటే: ముందు సాక్ష్యం, తర్వాత తీర్పు.

1858 జనవరిలో సంఘం కొత్త నిఘంటువుకు తీర్మానం చేసింది. మొదటి సంపాదకుడు హెర్బర్ట్ కోల్‌రిడ్జ్ 54 గూళ్లున్న ఒక చెక్క బీరువా చేయించుకుని పాఠకులు ప్రయోగాలు ఎత్తి రాసి పంపిన చీటీలను వాటిలో సర్దడం మొదలుపెట్టాడు. 1861లో, ముప్పై ఏళ్ల వయసుకే, క్షయతో మరణించాడు. ఇక కోలుకోవని వైద్యులు చెప్పినప్పుడు, అయితే రేపటి నుంచి సంస్కృతం మొదలుపెట్టాలి అన్నాడని చెబుతారు. తరువాత బాధ్యత తీసుకున్న ఫ్రెడరిక్ ఫర్నివాల్ ఉత్సాహం ఎక్కువ, నిలకడ తక్కువ ఉన్న మనిషి. అయినా ఆయనకు దక్కవలసిన గౌరవం ఒకటుంది. పాత గ్రంథాలు నమ్మదగిన పాఠాలతో అచ్చులో లేకపోతే ప్రయోగాలకు తేదీలు వేయలేమని గ్రహించి, వాటి ప్రచురణ కోసం 1864లో ప్రత్యేకంగా ఒక సంఘాన్ని స్థాపించాడు. ఆ ప్రచురణలు లేకపోతే నిఘంటువుకు పునాదే లేదు. ఈలోగా ఇంగ్లీషు చీటీలు మాత్రం ఊళ్ల వెంట చెదిరిపోయాయి.

వాటిని మళ్లీ పోగుచేసినవాడు జేమ్స్ మర్రే. స్కాట్లండు సరిహద్దు గ్రామంలో 1837లో పుట్టి, పద్నాలుగో ఏటే బడి మానేసి, సొంతంగా ఎన్నో భాషలు నేర్చుకున్నాడు. లండనులో చార్టర్డ్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కొంతకాలం గుమాస్తాగా పనిచేసి, తర్వాత మిల్ హిల్ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. 1879 మార్చి 1న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయంతో ఒప్పందం కుదిరినప్పుడు పదేళ్లలో, నాలుగు సంపుటాల్లో పని ముగుస్తుందని అందరూ నమ్మారు. ఫర్నివాల్ పంపిన చీటీల బరువు దాదాపు రెండు టన్నులు. ఒక సంచిలో చచ్చిన ఎలుక, ఇంకొక దానిలో పిల్లలతో సహా కాపురముంటున్న ఎలుక దొరికాయి. ‘హెచ్’ అక్షరం చీటీలు ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో తేలాయి. ‘పి’ అక్షరంలో కొంత భాగం ఐర్లండులో ఒక పశువుల కొట్టంలో దొరికింది, అప్పటికే కొన్ని చీటీలు పొయ్యిలోకి పోయాయి. సముద్రపు గాలికి పుస్తకాలు నానిపోయే ఊళ్లో ఉంటూ, పెద్దల కాలపు కాగితాలు చెదలపాలు కావడం చూసినవాన్ని కనుక, ఆ సంచులు విప్పుతున్న మనిషి పరిస్థితి నాకు కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

మర్రే తన తోటలో ఇనుప రేకుల షెడ్డు ఒకటి వేయించి, వెయ్యికి పైగా గూళ్లు కట్టించి, దానికి లేఖనశాల అనే అర్థం వచ్చే లాటిను పేరు పెట్టాడు. ఇంగ్లీషు చదివే ప్రజలందరికీ ఒక విజ్ఞప్తి అచ్చువేసి పంచాడు. పని పద్ధతి చాలా సులభంగా కనబడుతుంది. ఒక పుస్తకం చదవాలి. గమనించదగిన మాట కనబడితే అర ఠావు కాగితం మీద పై మూలన ఆ మాట రాయాలి, దాని కింద సంవత్సరం, రచయిత, గ్రంథం, పేజీ సంఖ్య వేయాలి, ఆపైన ఆ మాట ఉన్న వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాయాలి. అంతే. కానీ ఈ సులువులోనే ఒక చిక్కు దాగి ఉంది. మనిషి కన్ను వింత మాటనే పట్టుకుంటుంది, రోజూ చూసే మాటను దాటిపోతుంది. అందువల్ల వాడుకలో లేని ‘అబ్యూజన్’ అనే మాటకు యాభై చీటీలు వస్తే, నిత్యం వాడే ‘అబ్యూజ్’కు ఐదైనా సరిగ్గా రాలేదు. సామాన్యమైన మాటలను సామాన్యమైనవే కనుక రాయమని మర్రే మళ్లీ మళ్లీ వేడుకోవలసి వచ్చింది. చీటీలను అక్షరక్రమంలో సర్దే పనిని ఆయన పదకొండు మంది పిల్లలూ, కాస్త నడవడం చదవడం వచ్చిన దగ్గర్నుంచి, చిల్లర డబ్బుల కోసం చేసేవారు.

సర్దిన తర్వాత వచ్చేదే అసలు పని. ఒక మాటకు వచ్చిన చీటీలన్నిటినీ బల్ల మీద పరచి, అర్థాలను బట్టి కుప్పలు పెట్టి, ఏ కుప్ప ఏ కుప్ప నుంచి పుట్టిందో తేదీలను చూసి తేల్చాలి. సంపాదకుడు ముందే అనుకున్న అర్థాన్ని చీటీలు ఒప్పుకోకపోతే మారవలసినవాడు సంపాదకుడే. సాధారణ మాటలకు ఈ కుప్పలు వేలల్లో ఉండేవి, ఒక్కొక్క మాటకు నెలలు పట్టేది. 1884లో వెలువడిన మొదటి సంచిక 352 పేజీలది. ఐదేళ్ల శ్రమ తర్వాత అది ‘ఏ’ నుంచి ‘యాంట్’ అనే మాట దాకా చేరింది. ఇంగ్లీషు భాషకు నడిబొడ్డు ఎక్కడో స్పష్టంగా తెలుస్తుంది గాని పొలిమేర ఎక్కడో తెలియదని మర్రే దాని ముందుమాటలో వివరించాడు. నా ఎర్ర సిరాకు ఆ పొలిమేర తెలుసునని నేను ముప్పై ఏళ్లు నమ్మాను.

ఆ పొలిమేరలో మన తీరం ఉంది. రామకృష్ణ బీచిలో ఉదయం నడుస్తూ నేను తరచు తలుచుకునే మాట ‘సర్ఫ్’. మన ఇళ్లలో ఆ మాట వినగానే బట్టల పొడి గుర్తుకొస్తుంది గాని, ఇంగ్లీషులో దాని అర్థం ఒడ్డున విరిగి నురగలు కక్కే అల. పుట్టుక స్పష్టంగా తేలని ఈ మాటకు 17వ శతాబ్దం చివర దొరికే తొలి ప్రయోగాలు భారతదేశపు తీరం గురించినవే. ఓడరేవులు లేని కోరమాండల్ ఒడ్డున ఓడలు దూరంగా లంగరు వేసి, సరుకును కుట్టుపడవల్లో ఈ అలల మీదుగా దించుకోవలసిన రోజులవి. ఆ వాక్యాలను తేదీలతో చదివినవారికి, ఇంగ్లీషు నావికులకు ఈ అలకు ఒక ప్రత్యేకమైన పేరు అవసరమైనది ఇటువంటి ఒడ్డునే అని అర్థమవుతుంది. ‘కటమరాన్’ తమిళంలోని కట్టుమరం. మన జాలారిపేటలో దాన్నే తెప్ప అంటారు. దుంగలు కలిపి కట్టిన తెప్ప నుంచి రెండు పొట్టల ఆధునిక పడవ దాకా ఆ మాట చేసిన ప్రయాణం నిఘంటువులో వరుసగా ఉంటుంది. ఇక ‘బ్యాండికూట్’ అచ్చంగా మన పందికొక్కు. మన గాదెల కింద కన్నాలు తవ్వే ఆ జంతువు పేరు ఇంగ్లీషులోకి వెళ్లి, అక్కడి నుంచి ఆస్ట్రేలియా చేరి, ఎలుక జాతితో ఏ చుట్టరికమూ లేని సంచిజంతువుకు అంటుకుంది. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే వెలుగు ఏ పద్యం చెప్పినప్పుడూ నేను చూడలేదు.

ఇటువంటి మాటలను పట్టి ఇచ్చినవారు సామాన్య పాఠకులే. వారిలో ఉన్మాదుల ఆసుపత్రి నుంచి చీటీలు పంపిన అమెరికా సైనిక వైద్యుడు మైనర్ కథ లోకమంతటికీ తెలుసు. మన దేశంలో ఎక్కువగా చెప్పుకోవలసిన పేరు మాత్రం ఫిట్జ్ఎడ్వర్డ్ హాల్ అని నేను గట్టిగా నమ్ముతాను. న్యూయార్కు రాష్ట్రంలో పుట్టిన ఈయన, ఇల్లు విడిచి వెళ్లిన తమ్ముడిని వెతుకుతూ 1846లో కలకత్తాకు వచ్చి, ఇక్కడే సంస్కృతం నేర్చుకుని, కాశీలోని ప్రభుత్వ సంస్కృత కళాశాలలో బోధించాడు. ఒక సంస్కృత గ్రంథాన్ని పరిష్కరించి ప్రచురించిన మొదటి అమెరికన్ ఆయనే. తర్వాత లండనులో ఆచార్యుడై, తోటి పండితులతో కలహించి, సఫోక్ ప్రాంతంలోని ఒక పల్లెలో ఒంటరిగా స్థిరపడ్డాడు. అక్కడి నుంచి ఇరవై ఏళ్ల పాటు రోజుకు నాలుగు గంటలు ఈ నిఘంటువు కోసం, ఒక్క పైసా తీసుకోకుండా పనిచేశాడు. అచ్చుప్రతులు దిద్దుతూ, సంపాదకులు కనుగొన్న తొలి ప్రయోగం కంటే పాతదాన్ని తన పుస్తకాల్లోంచి తీసి పంపేవాడు. 1901లో మరణించేనాటికి మర్రేను ఆయన ఒక్కసారైనా చూడలేదు. ప్రయోగాన్ని ప్రమాణంగా నిలబెట్టే అలవాటు ఆయనకు కాశీ పండితుల దగ్గరే అబ్బి ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

అదే కాలంలో మద్రాసు సివిల్ సర్వీసులో ఉద్యోగి, దక్షిణ భారత లిపుల పరిశోధకుడు ఏ.సి. బర్నెల్, హెన్రీ యూల్ కలిసి ఆంగ్లో-ఇండియన్ మాటలకు ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువును సిద్ధం చేశారు. బర్నెల్ 1882లోనే చనిపోగా, పుస్తకం 1886లో వెలువడింది. అందులో ప్రతి మాట కిందా సంవత్సరాలతో కూడిన ప్రయోగాలు కాలక్రమంలో ఉంటాయి. పందికొక్కు వివరం నేను మొదట చదివింది అందులోనే. మన భాషను ఇంగ్లీషువాళ్లు ‘జెంటూ’ అని పిలిచిన సంగతీ అక్కడ దొరుకుతుంది. పోర్చుగీసు వాళ్లు హిందువులను పిలిచిన పేరు అది. మద్రాసు ప్రాంతంలో ప్రత్యేకించి తెలుగువారికీ తెలుగుకూ అంటుకుంది. 1816లో కాంబెల్ రాసిన వ్యాకరణం పేరులో కూడా ‘సాధారణంగా జెంటూ అని పిలిచే’ తెలుగు భాష అనే ఉంది. ఒక భాషకు పరాయివాళ్లు పెట్టిన పేరు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో తేదీలతో తెలుసుకోవడం ఆ భాషవారిగా మనకు అవసరమైన చరిత్ర.

మర్రే 1885లో ఆక్స్‌ఫర్డుకు మారాడు. హెన్రీ బ్రాడ్లీ, విలియం క్రేగీ, చార్లెస్ ఆనియన్స్ ఒకరి తర్వాత ఒకరు సంపాదకులుగా చేరారు. నిదానంగా సాగే పనికి కాలం కొన్ని దెబ్బలు వేసింది. ‘అపెండిసైటిస్’ కేవలం వైద్యుల పరిభాష అని సలహా విని వదిలేశారు. 1902లో ఏడో ఎడ్వర్డు రాజుకు ఆ జబ్బు చేసి పట్టాభిషేకం వాయిదా పడటంతో ఆ మాట ప్రతి ఇంటా వినిపించింది, నిఘంటువులో మాత్రం లేకపోయింది. ‘బాండ్‌మెయిడ్’ చీటీలు ఎక్కడో జారిపోయి, ఆ మాట లేకుండానే సంపుటం అచ్చయిపోయింది. మర్రే 1915 జులైలో ‘టి’ అక్షరంలో పనిచేస్తూ మరణించాడు. మొత్తం నిఘంటువులో ఇంచుమించు సగం ఆయన ఒక్కడి చేతి మీదుగా సాగినదే. ‘ఎక్స్, వై, జెడ్’ 1921లోనే ముగిశాయి గనుక, 1928 ఏప్రిల్‌లో వచ్చిన చిట్టచివరి సంచిక ‘డబ్ల్యూ’ది. పదేళ్లనుకున్నది 49 ఏళ్లయింది. 15,490 పేజీలు, 4,14,825 ఆరోపాలు, 18,27,306 ప్రయోగాలు. ఆ చివరి అంకె ముందు నేను ప్రతిసారీ ఆగిపోతాను, ఎందుకంటే అందులో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరు ఒక దీపం ముందు కూర్చుని చేత్తో రాసిన కాగితం.

1933లో వచ్చిన అనుబంధంలో తప్పిపోయిన ‘బాండ్‌మెయిడ్’ చేరింది. 1972 నుంచి 1986 వరకు రాబర్ట్ బర్చ్‌ఫీల్డ్ నాలుగు సంపుటాల అనుబంధాన్ని కూర్చాడు. మొదటి నిఘంటువూ, ఈ అనుబంధమూ కలిసి 1989లో 20 సంపుటాల రెండో కూర్పయ్యాయి. 2000 నుంచి అది అంతర్జాలంలో ఉంటూ, ‘ఎమ్’ అక్షరం దగ్గర మొదలుపెట్టి మళ్లీ మొదటి నుంచీ సవరణకు లోనవుతోంది. ఒక్క నిఘంటువు చాలదని ముందుగా చెప్పినవాడు క్రేగీయే. ఒక్కొక్క కాలానికీ, ఒక్కొక్క ప్రాంతానికీ విడివిడిగా కావాలన్న ఆయన సూచన నుంచి పాత స్కాట్ భాషకు, అమెరికా ఇంగ్లీషుకు, మధ్యయుగపు ఇంగ్లీషుకు పెద్ద నిఘంటువులు పుట్టాయి. మధ్యయుగపు ఇంగ్లీషు నిఘంటువు మిషిగన్‌లో 2001లో పూర్తయింది. ఆస్ట్రేలియాకు 1988లో, దక్షిణాఫ్రికాకు 1996లో తమ తమ చారిత్రక నిఘంటువులు వచ్చాయి. ఇటీవల ‘అయ్యో’, ‘అన్న’ కూడా ఆక్స్‌ఫర్డులో చేరాయి.

ఈ నిఘంటువులకూ లోపాలున్నాయి. చదివినవారు ఎక్కువగా అచ్చయిన సాహిత్యమే చదివారు గనుక ఎన్నో మాటలకు షేక్‌స్పియరే తొలి ప్రయోక్తగా కనబడ్డాడు. వంటింట్లో, పొలంలో, ఉత్తరాల్లో అంతకుముందే తిరిగిన మాటలకు సాక్షులు దొరకలేదు. నిఘంటువు చూపే తొలి సంవత్సరం ఆ మాట పుట్టినరోజు కాదని, దాన్ని చూసినవారు ఉన్న మొదటి రోజు మాత్రమేనని నేను పిల్లలకు చెప్పేవాన్ని. రేపు ఎవరైనా పాత పత్రిక ఒకటి తిరగేస్తే ‘ప్రీపోన్’ పక్కన ఉన్న ఆ 1913 కూడా వెనక్కి జరగవచ్చు.

మళ్లీ మన ‘ఒకప్పుడు’ దగ్గరికి వస్తాను. సి.పి. బ్రౌన్ దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1852లో, అంటే ట్రెంచ్ ప్రసంగాలకు ఐదేళ్లు ముందే, కవుల ప్రయోగాలతో సహా అచ్చువేశాడు. ఆయన లండనులో మరణించిన 1884లోనే మర్రే తొలి సంచిక వెలువడింది. పిఠాపురం మహారాజావారి పేరు మీద 1936లో తొలి సంపుటం వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రయోగాలను గ్రంథనామాలతో ఇస్తుంది. మా ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు వ్యుత్పత్తి కోశాన్ని ప్రచురించింది. ఆ పండితుల శ్రమకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఇక వాటి మీద కట్టవలసినది సంవత్సరాల అంతస్తు. కవుల కాలాల మీద వాదాలు తెగవు, కావ్యాలు ప్రతుల వెంట మారుతూ వచ్చాయి కనుక ఇది కష్టమని అంటారు. నిజమే. అందుకే తేదీ ఉన్న తెలుగును వెతకాలి, అది మన చుట్టూనే ఉంది. సింహాచలం గుడి గోడల మీది శాసనాలు శక సంవత్సరంతో మొదలవుతాయి. 1516లో కృష్ణదేవరాయలు వచ్చి ఆభరణాలు సమర్పించిన శాసనం కూడా అక్కడే ఉంది. భక్తులు క్యూలో నిలబడి చేత్తో తడుముతూ దాటిపోయే ఆ రాళ్లు, మర్రే కోరిన చీటీల వంటివే. వాటి తర్వాత దస్తావేజులు, పద్దు పుస్తకాలు, శుభలేఖలు, ఉత్తరాలు, పాత పత్రికలు ఉన్నాయి.

మూడేళ్లుగా నేను చీటీలు రాస్తున్నాను. మా పెదనాన్నగారి ట్రంకుపెట్టెలో దొరికిన పద్దు పుస్తకాలతో మొదలుపెట్టాను. బియ్యం, కిరసనాయిలు, బండి బాడుగ ఖర్చుల మధ్య ఆయన రాసుకున్న చిన్న చిన్న వాక్యాల్లో, ఏ కావ్యంలోనూ దొరకని మాటలు రోజు, నెల, సంవత్సరంతో ఉన్నాయి. చెప్పుల డబ్బాలు రెండు నిండాయి. ‘కంపు’కు తొమ్మిది చీటీలున్నాయి, తొమ్మిదీ దుర్వాసనవే, ఇంకా వెనక్కి వెళ్లాలి. ‘చీర’కు ఎక్కువ రాయలేదు. రోజూ కనబడే మాట గనుక నా కన్ను కూడా దాన్ని దాటిపోయిందని ఈ మధ్యనే గమనించి, ఆ పద్దులను మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతున్నాను.

‘ప్రీపోన్’కు కూడా ఒక చీటీ రాయాలని కూర్చున్నాను. విశాఖపట్నంలో ఒక విద్యార్థి తన అక్క పెళ్లి కోసం చేత్తో రాసిన వాక్యం, దానికి తగిన ప్రయోగం. మాట రాశాను, ఊరు రాశాను. వాక్యం యథాతథంగా ఉండాలి, తేదీ ఉండాలి. ఆ రెండూ ఉన్న కాగితాన్ని చింపేయమన్నది నేనే. సంవత్సరం వేయవలసిన చోట కలం పెట్టి చాలాసేపు ఆలోచించి, ‘ఒకప్పుడు’ అని రాయడానికి చేయి రాక, ఆ చోటును ఖాళీగానే వదిలి చీటీని డబ్బాలో పెట్టాను.